వాయిదా పడ్డ రీస్టార్టు

మెదక్,
ఆదివారం.

అప్పకి, నీ చెల్లెలు సత్య నమస్కరించి రాయునది.

ఒంట్లో నేను బాగానే ఉన్నాను. ఆ మాట ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే మిగతాదంతా చదివాక చెప్తే నువ్వు నమ్మవు. సాలూరులో మీరందరూ ఎలా ఉన్నారు? ఈ చలికి అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి, బావ దగ్గు తగ్గిందా, చిన్నది ఏడవకుండా బడికి వెళ్తోందా, ఒక్కొక్కటీ విడివిడిగా రాయి. "అందరం బాగున్నాం" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకు. నీకది అలవాటు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటే అంటావు. నువ్వు ఫోను ఎత్తగానే స్పీకరు పెడతావు. బావ ఒక పక్క, అమ్మ ఒక పక్క, వెనకాల కుక్కరు విజిల్. ఇంకేం చెప్తాను? "తిన్నావా", "తిన్నాను" దగ్గరే మన మాటలు అయిపోతాయి. ఇది నీకొక్కదానికే చెప్పాల్సిన సంగతి. బావకి ఇప్పుడే చెప్పకు, అమ్మకి అసలే చెప్పకు. చదివాక బీరువాలో చీరల కింద పెట్టేసుకో.

ఇక్కడ చలి గట్టిగానే మొదలైంది. పొద్దున్నే పంపు నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. తిండికి లోటు లేదు, నువ్వు బెంగపెట్టుకోకు. నేను అద్దెకుంటున్న గది ఇంటావిడ కమలా టీచరు గారని ఇంతకుముందు చెప్పాను కదా. మిషను బడిలో చదువు చెప్పి రిటైరయ్యారు, పెద్ద చర్చి వెనక సందులో ఇల్లు. ఆవిడ జొన్నరొట్టెలు చేసిన రోజు నాకు రెండు పంపుతారు. మొదట్లో గొంతు దిగేవి కావు, ఇప్పుడు నేనే ఎదురు చూస్తున్నాను. నిన్ను అప్పా అని పిలుస్తానంటే ఆవిడకి నవ్వు. "మీ దిక్కు అక్కను అప్ప అంటరా? గమ్మతున్నది" అంటారు. ఏడాదిన్నర అయినా ఈ ఊళ్ళో నా మాట ఇంకా పరాయిదే. కూరగాయల బండి దగ్గర నోరు విప్పగానే "ఏ ఊరు మేడం మీది?" అని అడుగుతారు. కోపం రాదు గానీ, ప్రతిసారీ ఆ ప్రశ్న విన్నాక గదికొచ్చి కాసేపు ఊరికే కూర్చుంటాను. నా గురించి దిగులు పడకు. నిజంగా బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. నా పని ఏమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. కంప్యూటర్ల ఉద్యోగం అంటే నువ్వు చల్లగా ఏసీలో కూర్చుంటుంది అనుకున్నావు. ఏసీ మాట నిజమే. మా యజమాని నర్సింహారెడ్డి గారిది రెండంతస్తుల భవనం. కింద ఆయన ఎరువుల దుకాణం. పైన అరవై కంప్యూటర్లు వేసి, ఉద్యోగాల పరీక్షలు పెట్టేవాళ్ళకి ఆ హాలు అద్దెకిస్తారు. చుట్టుపక్కల మండలాల పిల్లలంతా వచ్చి అక్కడే పరీక్ష రాస్తారు. ఎరువుల వాసన మెట్ల మీంచి పైదాకా వస్తుంది. ఆ అరవై మిషన్లకీ తల్లీ తండ్రీ నేనే.

ఈ మిషన్లకి ఎప్పటికప్పుడు మరమ్మతులు పై నుంచి వస్తుంటాయి. అప్‌డేట్ అంటారు. అవి దిగాలంటే మిషను ఒకసారి పూర్తిగా ఆగి మళ్ళీ లేవాలి. అదే రీస్టార్టు. అది జరుగుతున్నంతసేపూ కరెంటు తియ్యకూడదు. ఇంతే. దీనికి పెద్ద తెలివి అక్కర్లేదు, రెండు మూడు గంటలు ఎవరూ ముట్టుకోకుండా ఉంటే చాలు. ఆ రెండు మూడు గంటలే నాకు ఈ ఊళ్ళో దొరకలేదు.

ఎందుకంటావా? రెడ్డిగారు పుట్టింది వ్యవసాయం ఇంట్లో. అల్లాదుర్గ్ వైపు ఇప్పటికీ భూములున్నాయి. సాయంత్రం కాగానే కారులో వస్తారు, తాళాలు తీసుకుంటారు, స్వయంగా వెళ్ళి మెయిన్ స్విచ్ కిందికి లాగేస్తారు. పొలంలో బోరు మోటారు ఆపినట్టే. లాగేసి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంటారు. తండ్రిగారు స్టార్టరు ఆపాక అలా కళ్ళకద్దుకునేవారట, ఈయనకీ అదే వచ్చింది. ఆ పని ఇంకెవరి చేతా చేయించరు. నేను ముందే అన్ని మిషన్లూ ఆపానా లేదా అని కూడా చూడరు. నేను సాయంత్రం అప్‌డేట్ మొదలుపెట్టిన ప్రతిసారీ సగంలో కరెంటు పోయేది. మర్నాడు పొద్దున అరవై మిషన్లూ "చేసిన మార్పులు వెనక్కి తీస్తున్నాం" అని తెర మీద పెట్టుకుని గంట గంటన్నర మొరాయించేవి. అది చూసి ఆయనకి ఒళ్ళు మండేది.

"సార్, ఒక్క ఆదివారం కరెంటు ఉంచండి. నేనే వచ్చి కూర్చుంటాను" అని ఎన్నిసార్లు అడిగానో.

"సత్యా, గా డబ్బాలు నడుస్తున్నయా లేదా?"

"నడుస్తున్నాయి సార్, కానీ..."

"నడుస్తుంటే ఎందుకు గెలుకుతవ్ బిడ్డా? మా బోరు మోటరు మా నాయిన పెట్టింది, ఇయ్యాల్టికీ నడుస్తుంది. దానికి ఎవ్వడన్నా అప్‌డేట్ పెట్టిండా? పరీక్షలు అయిపోనీ, గప్పుడు చూద్దాం తియ్యి."

నవ్వొచ్చింది, నిజం చెప్పాలి. ఆయన చెడ్డమనిషి కాదు. నాకు జ్వరం వచ్చినప్పుడు కారిచ్చి దవాఖానాకి పంపించారు. అందుకే గట్టిగా పోట్లాడలేకపోయాను. నాకు కోపం ఎక్కువని చిన్నప్పటి నుంచీ నువ్వు అంటావే, ఆ కోపం కావలసిన చోట మాత్రం రాలేదు.

పరీక్షలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. పొద్దున్నే హాలు తెరవగానే ప్రతి తెర మీదా ఒక పెట్టె వచ్చి అడిగేది, ఇప్పుడు రీస్టార్టు చెయ్యనా, తర్వాత చెయ్యనా అని. నేను వరసగా వెళ్ళి అరవై చోట్లా "తర్వాత" నొక్కేదాన్ని. చివరికి విసుగెత్తి, ఐదు వారాల పాటు అప్‌డేట్లే రాకుండా ఆపే వీలు ఒకటుంటే దాన్ని పెట్టేశాను. ఐదు వారాల్లో పరీక్షల సీజను అయిపోతుంది, ఆ తర్వాత రెడ్డిగారి కాళ్ళైనా పట్టుకుని ఒక ఆదివారం తెచ్చుకుందాం అనుకున్నాను. ఆ ఐదు వారాలూ ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పెట్టెలు లేవు, మొరాయింపులు లేవు. రెడ్డిగారు కూడా "చూసినవా, గెలకకుంటే మంచిగనే ఉంటయ్" అన్నారు.

ఆఖరి పరీక్ష గుమాస్తా ఉద్యోగాలది. దాన్ని వారం వెనక్కి జరిపారు. వారం జరిగితే నా ఐదు వారాలూ ఆ పరీక్ష కంటే ముందే అయిపోతాయి. ఈ ఒక్క సంగతి నాకు తట్టలేదు అప్పా. ఎంత ఆలోచించినా, ఎందుకు తట్టలేదో నాకు తెలియడం లేదు. పైగా ప్రతి పరీక్షకీ ముందు నేను ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. అందులో ఒక వరుస ఉంటుంది, అన్ని కంప్యూటర్లూ చూశాను, ఏ మిషనుకీ రీస్టార్టు మిగిలి లేదు అని. ముందురోజు మధ్యాహ్నం రెండు మూడు మిషన్లు చూసి, మిగతావాటికీ కలిపి టిక్కు పెట్టేశాను. ఎప్పుడూ అలాగే పెట్టేదాన్ని.

ఆ రోజు పొద్దున గేటు దగ్గర పరీక్షకి వచ్చినవాళ్ళ ఫోటోలు తీస్తున్నాను. చేగుంట నుంచి వచ్చిన ఒక అమ్మాయి, పేరు లావణ్య, కెమెరా ముందు కూర్చుని చేతులు నలుపుకుంటోంది. భయమా అని అడిగాను.

"ఇదే ఆఖరిది అక్కా. వచ్చే యేడు నా వయసు పోతది, ఇగ రాయనియ్యరు. మా నాయిన హోటల్ బంద్ పెట్టి తోల్కొచ్చిండు. గాడున్నడు సూడుండ్రి."

చూశాను. గేటు బయట స్కూటరు పక్కన నిలబడి ఉన్నాడు పెద్దాయన, తువ్వాలు తలకి చుట్టుకుని. హైవే పక్కన చిన్న చాయ్ హోటలట. అమ్మ లేదట. తండ్రి చాయ్ కాస్తుంటే ఈ పిల్ల పక్కన కూర్చుని చదువుకుంటూ మూడుసార్లు రాసిందట. కిందటిసారి రెండు మార్కుల్లో పోయిందట. "ఈసారి వస్తుందిలే" అన్నాను. పదిహేడో నంబరు మిషను ఇచ్చాను.

పరీక్ష మొదలై ముప్పావు గంటైంది. నేను మూల టేబులు దగ్గర ఉన్నాను. పొద్దున తీసిన వేలిముద్రల ఫైలు పైకి వెళ్ళక చస్తోంది, దాంతో కుస్తీ పడుతున్నాను. ఇంతలో లావణ్య చెయ్యెత్తింది.

"అక్కా, ఏందో డబ్బా వచ్చింది ఈడ. జర చూడుండ్రి."

నేను లేవలేదు అప్పా. తల కూడా ఎత్తలేదు. చేత్తో ఇలా విసిరి, "నొక్కెయ్యండమ్మా, పోతుంది" అన్నాను.

ఆ పిల్ల నొక్కింది. మొదటి బటన్ నొక్కింది. "ఇప్పుడే" అని ఉన్నది.

మిగతావాళ్ళలో కొందరికి కూడా ఆ పెట్టె వచ్చిందట. వాళ్ళెవరూ నన్ను అడగలేదు, రెండోది నొక్కుకుని రాసుకున్నారు. అడిగిన పిల్ల ఒక్కతే మునిగింది. "అక్కా, అక్కా" అని కేకేస్తే అప్పుడు పరిగెత్తాను. తెర నీలంగా మారిపోయింది. "అప్‌డేట్ జరుగుతోంది, కంప్యూటరును ఆపవద్దు" అని ఉంది. ఐదు వారాలది, అంతకుముందు సగం సగం మిగిలిపోయినది, అంతా కలిసి ఒకేసారి దిగుతోంది. ఆ పిల్లని లేపి, అవసరానికని పక్కన పెట్టుకున్న మిషను దగ్గర కూర్చోబెట్టాను. దాన్ని ఆన్ చేస్తే అదీ నీలమే. ఇంకోటి ఆన్ చేశాను. అదీ అంతే. పరీక్ష గడియారం మన మిషను మీద నడవదు, పైన ఎక్కడో నడుస్తుంది. మనం ఆగినా అది ఆగదు. లావణ్య నా పక్కనే నిలబడి, ఆ తెర మీద పెరుగుతున్న అంకెనే చూస్తోంది. ఇరవై. ఇరవై ఒకటి. ఏడవలేదు కూడా. "ఎంతసేపు పడతది అక్కా? ఎంతసేపు?" అని అడుగుతూనే ఉంది.

మిషను లేచేసరికి ఆమె టైము అయిపోయింది. సగం ప్రశ్నలు చూడనేలేదు.

ఇప్పుడు రాయబోయేది రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రెండుసార్లు పెన్ను పక్కన పెట్టేశాను.

పరీక్ష అయ్యాక గేటు దగ్గరికి వచ్చాను. ఆ పిల్ల తండ్రి పక్కన నిలబడి ఉంది. నన్ను చూసి ఎదురొచ్చింది. "అక్కా, నొక్కుమన్నది మీరే గద? తప్పు నాదేనా?" అంది. దబాయించి అడగలేదు. నిజంగా తెలియక అడిగింది. తండ్రి నా మొహంలోకి చూస్తున్నాడు. వెనక మెట్ల మీద రెడ్డిగారు నిలబడ్డారు. పరీక్ష పెట్టే కంపెనీ తరఫున వచ్చిన మనిషి ఆయన పక్కనే ఉన్నాడు.

నేనేమన్నానో తెలుసా?

"ఏది నొక్కాలో చూసుకోవాలి కదమ్మా" అన్నాను.

నా నోటితోనే అన్నాను అప్పా. ఎవరూ అనమని చెప్పలేదు. ఆ పెద్దాయన కూతురి వైపు ఒకసారి చూసి, స్కూటరు తిప్పి స్టార్టు చేశాడు. ఆ పిల్ల వెనక ఎక్కింది. ఎక్కేటప్పుడు ఎప్పటిలా తండ్రి భుజం పట్టుకోబోయి, పట్టుకోకుండా వెనక కడ్డీ పట్టుకుంది. అది నేను చూశాను, చూడనట్టు లోపలికి వచ్చేశాను.

ఆ సాయంత్రమే ఏం జరిగిందో రాసివ్వమని కంపెనీ నుంచి కాగితం వచ్చింది. రెడ్డిగారు కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"పిల్లనే నొక్కిందా లేదా?"

"నొక్కింది సార్."

"గదే రాయి. నేను అబద్ధం రాయమంటలేను గద. అభ్యర్థి సొంతంగా బటన్ నొక్కింది, గంతే. సెంటరు పోతే నువ్వేడికి పోతవ్, నేనేడికి పోత?"

అబద్ధం కాదు కదా అని నాకు నేనే చెప్పుకుని రాసేశాను. సంతకం పెట్టాను. గదికొచ్చి కడుపునిండా అన్నం కూడా తిన్నాను. ఆ అన్నం ఎలా దిగిందో ఇప్పటికీ అర్థం కావడం లేదు. ఆ తర్వాత రోజు నుంచి మాత్రం ఏమీ దిగలేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఆ పిల్ల కడ్డీ పట్టుకున్న చెయ్యే కనిపించేది. పనిలో ఎవరు "మేడం" అని పిలిచినా ఉలిక్కిపడేదాన్ని. చచ్చిపోవాలనిపించిందని రాస్తే నువ్వు బస్సెక్కి వచ్చేస్తావు, కాబట్టి అలా రాయను. అంత కాలేదు. కానీ పొద్దున లేవగానే, ఇవాళ నేను లేకపోతే బాగుండు అనిపించేది. అది మాత్రం నిజం. ఇప్పుడు అలా లేదులే, కంగారు పడకు.

టీచరు గారు కనిపెట్టారు. రొట్టెలు తిరిగి పంపేస్తున్నానని ఒకరోజు గదికే వచ్చారు. "ఏందమ్మా, ముఖం గట్ల పీక్కపోయింది? ఎవరన్నా ఏమన్నా అన్నరా?" అన్నారు. అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. "గా పిల్లది ఏ ఊరన్నవ్?" అని అడిగారు. చేగుంట అన్నాను. "దూరమేం గాదు" అని, ప్లేటు పట్టుకుని వెళ్ళిపోయారు.

నాకప్పుడు వెళ్ళే ధైర్యం రాలేదు. ఇంకో రెండు రోజులు ఏవేవో సాకులు పెట్టుకున్నాను. అప్పుడు కంపెనీ నుంచి ఇంకో కాగితం వచ్చింది. లావణ్య తనకి మళ్ళీ పరీక్ష పెట్టమని అర్జీ పెట్టుకుంది. దాని నకలు పంపి, మీ అభిప్రాయం రాయండి అన్నారు. అర్జీలో నా పేరు లేదు, నేను నొక్కమన్న మాట కూడా లేదు. "నేను తెలియక నొక్కినాను, దయచేసి ఒక్క అవకాశం ఇవ్వగలరు" అని రాసుకుంది. గేటు దగ్గర నేనన్న ఒక్క మాటకి, తప్పు తనదేనని ఆ పిల్ల నమ్మేసింది. అది చదివి టేబులు మీద తలపెట్టి ఏడ్చాను. హాల్లో ఎవరూ లేరు, అరవై నల్ల తెరలు తప్ప.

అక్కడే కూర్చుని రాశాను. అప్‌డేట్లు ఆపింది నేను. వారం జరిగిన సంగతి చూసుకోనిది నేను. మిషన్లన్నీ చూడకుండానే చూశానని సంతకం పెట్టింది నేను. పెట్టె వచ్చిందని ఆమె అడిగితే, చూడకుండా నొక్కమన్నది నేను. మొదటి కాగితంలో ఈ సంగతులు దాచింది కూడా నేనే. అభ్యర్థి తప్పు ఏమీ లేదు. ఇంతే రాశాను. రెడ్డిగారు మెయిన్ లాగడం గురించి కూడా రాద్దామనుకున్నాను. మళ్ళీ ఎందుకో రాయలేదు. అది రాస్తే నా తప్పు కాస్త తేలికవుతుందని నాకే ఆశగా ఉంది, అందుకే మానేశాను.

పంపించాకే ఆయనకి చూపించాను. ముందే చూపిస్తే ఆపేస్తారని తెలుసు. చదివి కాగితం మడిచి టేబులు మీద పెట్టారు. అరిస్తే బాగుండేది.

"ఇన్ని దినాలు నిన్ను మా ఇంటి బిడ్డ లెక్క చూసిన" అన్నారు. "జర నాకొక్క మాట చెప్పకపోతివి. మొదటి తారీఖు నుంచి రాకు. సెంటరే ఉండది ఇగ, నువ్వొచ్చి ఏం జేస్తవ్?"

అవును అప్పా, ఉద్యోగం పోయింది. సెంటరుని జాబితాలోంచి తీసేస్తున్నారని ఆ మర్నాడే తెలిసింది. ఆయనకి నేను అన్యాయం చేశాననే అంటున్నారు చుట్టుపక్కలవాళ్ళు. నాకూ అలాగే అనిపిస్తోంది ఒక్కోసారి. నేను రాసింది తప్పని మాత్రం అనిపించడం లేదు. రెండూ ఒకేసారి అనిపిస్తుంటే ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. నా డిగ్రీ కాగితాలు, ఆ కంప్యూటరు కోర్సు సర్టిఫికెట్టు నీ ట్రంకు పెట్టెలో అడుగున నీలం ఫైల్లో ఉన్నాయి. అవి రిజిస్టరు పోస్టులో పంపించు. హైదరాబాదులో అడుగుతాను. నువ్వు నాకేమీ పంపనక్కర్లేదు, నా దగ్గరున్నది చాలు. కాగితాలు తడవకుండా ప్లాస్టిక్కు కవరులో పెట్టు. మళ్ళీ చెప్తున్నాను, దిగులు పడకు.

నిన్న చేగుంట వెళ్ళాను.

బస్సు దిగి రెండు చోట్ల అడిగితే హోటలు చూపించారు. నాలుగు బల్లలు, ముందు రేకుల పందిరి. లావణ్య వెనక గ్లాసులు కడుగుతోంది. నన్ను చూసి చేతులు తుడుచుకుని వచ్చింది. నమస్తే కూడా పెట్టింది. నేను నిలబడే చెప్పేశాను. "తప్పు నీది కాదమ్మా. నాది. నేను చూడకుండా నొక్కమన్నాను. గేటు దగ్గర అబద్ధమాడాను. నిజం రాసి పంపించాను, మళ్ళీ పరీక్ష పెడతారేమో" అన్నాను. బస్సులో ఎంతో పెద్దగా చెప్పుకుంటూ వచ్చిన మాటలు, నాలుగు ముక్కల్లో అయిపోయాయి.

ఆ పిల్ల చాలా మెల్లగా అంది, "నాకు చెప్తే ఏమున్నది అక్కా. మా నాయినకు చెప్పుండ్రి."

ఆయన పొయ్యి దగ్గర ఉన్నాడు. మా మాటలు వినపడేంత దగ్గరే. అయినా ఆయన ముందుకు వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. చాయ్ పొంగుతుంటే మంట తగ్గించాడు. నా వైపు తిరగలేదు.

"తొమ్మిది దినాల సంది నా బిడ్డతోని మాట్లాడలే నేను" అన్నాడు. "ఒక్కటే ఇంట్ల ఉంటిమి. అది అన్నం పెడితే తిన్న, మాట మాత్రం మాట్లాడలే. ఇంత చదివిన పిల్లవు, ఒక్క బటన్ చూసుకోకపోతివి అని కడుపుల పెట్టుకున్న. గీ మాట గా దినం గేటు కాడనే చెప్తే, నీదేం పోతుండె బిడ్డా?"

ఉద్యోగం పోతుందని భయపడ్డాను అనాలి. ఆ ఉద్యోగం ఇప్పుడు ఎలాగూ లేదు. తలొంచుకుని నిలబడ్డాను. వెళ్ళిపొమ్మంటాడు అనుకున్నాను. అంటే బాగుండు అనుకున్నాను.

ఆయన గంటె పక్కన పెట్టి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కూతురి వైపు తిరిగాడు. నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. చివరికి అన్నాడు.

"లావణ్యా, మేడంకు చాయ్ పొయ్యి బిడ్డా."

తొమ్మిది రోజుల తర్వాత ఆయన ఆ పిల్లతో అన్న మొదటి మాట అది. లావణ్య గ్లాసు తీసుకుని పోస్తుంటే సగం చాయ్ కింద పడింది. ఏడుస్తూనే ఇంకో గ్లాసు నింపి నా చేతికిచ్చింది. నేను తాగాను అప్పా. తాగకుండా రావడానికి వీల్లేదు.

మళ్ళీ పరీక్ష పెడతారో లేదో ఇవాళ్టి దాకా తెలియలేదు. పెట్టకపోతే ఆ పిల్ల వయసు దాటిపోతుంది, నేను నిజం రాసినా రాయకపోయినా ఒకటే అవుతుంది.

బావకి నా నమస్కారాలు, పిల్లలిద్దరికీ ముద్దులు, వీధి చివరి చిన్నమ్మకి అడిగానని చెప్పు. అమ్మ పాదాలకి నా బదులు నువ్వు దణ్ణం పెట్టి, నన్ను దీవించమను. ఎందుకని అడిగితే ఏమీ చెప్పకు. చేగుంటలో లావణ్య అని ఒక అమ్మాయి ఉంది, ముందు ఆ పిల్లని దీవించమను, ఏమైనా మిగిలితే నన్ను.

ఇట్లు
నీ చెల్లెలు
సత్య